సీసా ఇల్లు కాదు! ఫైటర్ చేపకి 20 లీటర్ల నీళ్లివ్వండి!



మీ ఇంట్లో ఫైటర్ చేప ఉందా? టీవీ పక్కనో, షోకేసులోనో, ఆఫీసు టేబుల్ మీదో, అరచేతిలో పట్టే గాజు జారులో ఒంటరిగా నిలబడి ఉందా? అయితే ఈ కాగితం మీకోసమే. ఇంకా కొనలేదా? ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని షాపుకి వెళ్దామనుకుంటున్నారా? అయితే మరీ మీకోసం! కాసేపు ఆగండి. చదివాకే అడుగు వేయండి.

మన ఇళ్లలో ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. పాప వేలు చూపిస్తుంది. నీలం, ఎరుపు, పొడుగాటి తోక. షాపతను కవర్లో నీళ్లు పోసి రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెడతాడు. వందో, నూటయాభయ్యో తీసుకుంటాడు. దాంతో పాటు ఓ జారు, గుప్పెడు రంగురాళ్లు, ఓ మేత డబ్బా అంటగడతాడు. ఏమంటాడు? "దీనికి మోటారు అక్కర్లేదు సార్. ఆక్సిజన్ అక్కర్లేదు. వారానికోసారి నీళ్లు మార్చండి చాలు. ఎంత చిన్నదాంట్లోనైనా బతుకుతుంది." నమ్ముతాం. ఎందుకు నమ్మం? రోజూ చేపల మధ్య ఉండేవాడికి తెలియదా అనుకుంటాం.

వారం గడుస్తుంది. తోక ముడుచుకుంటుంది. రంగు వెలిసిపోతుంది. మేత వేస్తే పైకి రాదు. అడుగున రాళ్ల మీద పక్కకి ఒరిగి పడుకుంటుంది. ఓ రోజు పొద్దున పాప లేచి చూసేసరికి తేలి ఉంటుంది. పిల్ల ఏడుస్తుంది. టిఫిన్ ముట్టదు, బడికి వెళ్లనంటుంది. ఏం చెబుతాం? "దిష్టి తగిలిందమ్మా. మన మీద పడాల్సింది అది మోసుకుపోయింది" అని పెద్దవాళ్లు సర్ది చెబుతారు. మళ్లీ ఆదివారం మళ్లీ కొత్త చేప. అదే జారు. అవే రాళ్లు. అదే ఏడుపు!

దిష్టి ఎవరికీ తగల్లేదు! తన ఒంట్లోంచి వచ్చిన విషంలోనే అది మునిగి చచ్చిపోయింది. చలికి బిగుసుకుపోయి చచ్చిపోయింది. మనకి అబద్ధం చెప్పి అమ్మారు కాబట్టి చచ్చిపోయింది!

సరిగ్గా చూసుకుంటే ఫైటర్ ఎన్నాళ్లు బతుకుతుందో తెలుసా? రెండు మూడేళ్లు. ఒక్కోసారి నాలుగు. యూకేజీలో కొన్న చేప, పాప రెండో తరగతికి వచ్చాక కూడా అద్దం దగ్గరికి వచ్చి మేత అడగాలి. మనకి అమ్మింది ఎన్ని వారాల బతుకు? మిగతా ఏళ్లు ఎవడు మింగాడు?

"ఎంత చిన్నదాంట్లోనైనా బతుకుతుంది!" ఈ మాట ఎక్కడ పుట్టింది?

ఈ చేప తలలో, మొప్పల పైన, మడతలు మడతలుగా ఓ అవయవం ఉంటుంది. నీటి పైకి వచ్చి నోటితో గాలి గుక్కెడు మింగితే, ఆ మడతల్లోంచి ప్రాణవాయువు రక్తంలోకి పోతుంది. అందుకే నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా వెంటనే చావదు. నిజమే. మన కొర్రమీనుకీ తలలో ఇలాంటి ఏర్పాటే ఉంది. అది మన తెలంగాణ రాష్ట్ర చేప. అంగట్లో బకెట్టులో వేలెడు నీళ్లలో కొర్రమీను గంటల తరబడి కదులుతూనే ఉంటుంది, చూశాం కదా? అంత మాత్రాన కొర్రమీను ఇల్లు బకెట్టు అని మన ఊళ్లో ఎవరైనా అంటారా? దాని ఇల్లు చెరువు! చిన్నపిల్లవాడైనా చెబుతాడు. మరి ఫైటర్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి ఎటు పోయింది? వెంటనే చావకపోవడాన్ని బతుకు అని అమ్ముతున్నారు! ఆపద కాలంలో గట్టెక్కడానికి ప్రకృతి ఇచ్చిన ఒక్క ఆసరా పట్టుకుని, జీవితమంతా ఆపదలోనే ఉంచుతున్నారు!

"వాటి దేశంలో గుంటల్లోనే ఉంటాయి సార్" అని ఇంకో మాట. వాటి దేశం థాయిలాండ్. చావో ఫ్రాయా నది పారే మైదానం. అక్కడ ఇవి వరిమళ్లలో, చిత్తడి నేలల్లో, మెల్లగా పారే కాలువల్లో తిరుగుతాయి. వరిమడి అంటే మనకి ఒకరు చెప్పాలా? కోనసీమలో పుట్టినవాళ్లం, నిజామాబాదులో నాట్లు వేసినవాళ్లం. మడిలో లోతు మోకాలి దాకా కూడా ఉండదు. కానీ గట్టు నుంచి గట్టుకి ఎంత దూరం? మడి నుంచి మడికి ఎన్ని దారులు? దుబ్బుల మధ్య దాక్కోవచ్చు. పురుగుల్ని, దోమ పిల్లల్ని వేటాడుకోవచ్చు. ఇంకో మగ చేప ఎదురైతే, ఓడిపోయినది ఈదుకుంటూ పారిపోవచ్చు. ఎండాకాలం మడి ఎండి గుంట మిగిలితే, ఆ గుంటలో వాన కోసం ఎదురుచూస్తూ ప్రాణం నిలుపుకుంటుంది. మన షాపులో జారు అంటే ఎప్పటికీ వాన రాని ఆ గుంటే!

థాయిలాండ్ 2019లో ఈ చేపని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. ఒక దేశం గర్వంగా చూపించుకునే జీవి మన వీధిలో పెన్నుల స్టాండంత గ్లాసులో కుళ్లిపోతోంది. మనకి కోపం రాదా?

ఇప్పుడు అసలు హంతకుడి సంగతి. పేరు అమోనియా.

చేప మేత తింటుంది. దాని ఒంట్లోంచి అమోనియా బయటికి వస్తుంది, ఎక్కువగా మొప్పల గుండానే. తినకుండా వదిలేసిన మేత గింజలు కుళ్లి ఇంకాస్త అమోనియా పుడుతుంది. చెరువులో అయితే అది ఎక్కడో కలిసిపోతుంది. లీటరు జారులో ఎక్కడికి పోతుంది? ఒకటి రెండు రోజుల్లోనే పేరుకుంటుంది. మొప్పల్ని కాలుస్తుంది. ఒంటి మీద జిగురు పొరని పాడుచేస్తుంది. తోక అంచులు నల్లబడి, చిరుగులు పడి ఊడిపోతుంటే మనం "ముసలిదైంది" అనుకుంటాం. ముసలితనం కాదమ్మా అది, కాలిన గాయం!

"నీళ్లు తేటగానే ఉన్నాయి కదా?" అంటారా? అమోనియాకి రంగు లేదు. అద్దంలా మెరిసే నీళ్లలోనూ విషం ఉండొచ్చు. అందులోనూ మన ఎండలు, మన బోరు నీళ్లు! నీళ్లు వేడెక్కినకొద్దీ, క్షారగుణం పెరిగినకొద్దీ అమోనియా మరింత కరకుగా పనిచేస్తుంది.

సరే, వారానికోసారి మొత్తం నీళ్లు పారబోసి, జారు సబ్బుతో తోమి, కొత్త నీళ్లు పోస్తున్నాం అంటారా? ఆరు రోజులు విషం, ఏడో రోజు దెబ్బ! నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. క్రిమిని చంపేది చేప మొప్పని వదులుతుందా? వేడి మారిపోతుంది, నీటి గుణం మారిపోతుంది, అంతా ఒక్క నిమిషంలో. సబ్బు వాసన గాజుని వదలదు. మనం శుభ్రం చేశామని సంబరపడతాం, అది రాయి వెనక్కి పోయి వణుకుతుంది. మన ప్రేమనే దానికి శిక్షగా మార్చారు ఈ జారు అమ్మినవాళ్లు!

చలి సంగతి చూద్దాం. ఫైటర్ వేడి దేశం చేప. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. దాని ఒంటి వేడి అంటే నీటి వేడే. వేరే దుప్పటి లేదు. ఆదిలాబాదులో చలికాలం రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజాము ఎలా ఉంటుందో పాల ప్యాకెట్లు వేసేవాళ్లని అడగండి. మనం రగ్గు కప్పుకుని పడుకుంటాం. కిటికీ పక్కన లీటరు జారు? గంటల్లో చల్లబడిపోతుంది. చేప అరుగుదల మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు లేస్తాయి. పైకి వచ్చి పీల్చే గాలి కూడా చల్లగా ఉంటే దానికి చేటే. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో టేబుల్ మీద బౌలు పెట్టుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రోజంతా ఏసీ 22 మీద ఉంటుంది. శని ఆదివారాలు ఎవరూ రారు. ఆ రెండు రోజులు అది ఎవరి ముఖం చూసి బతకాలి? ఇక మే నెల? రామగుండం, రెంటచింతల ఎండల్లో చిన్న జారు ఎంత తొందరగా కాగుతుందో చెప్పాలా? నీళ్లు ఎక్కువుంటే వేడైనా చలైనా మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. చిన్న జారుకి ఆ ఓపిక లేదు.

షాపులో వరస జార్లు చూశారు కదా? ఒకదాని పక్కన ఒకటి, నీలి మందు కలిపిన నీళ్లు, మధ్యలో ఓ అట్టముక్క కూడా లేదు. మగ ఫైటర్‌కి ఇంకో మగ ఫైటర్ కనబడితే మొప్పలు విప్పుకుని, ఒళ్లంతా బిగించి పోట్లాటకి దిగుతుంది. గాజు అడ్డం. కొట్టలేదు, పారిపోలేదు. పొద్దుగూకులూ అదే! "చూడండి ఎంత యాక్టివ్‌గా ఉందో" అని మనకి చూపిస్తారు. అది సరదా కాదు, హడలు! ఇంట్లో అద్దం దగ్గర పెట్టి "ఫైటింగ్" చూపించే అన్నలూ, మీకూ చెబుతున్నాం. తన నీడతోనే పోట్లాడి పోట్లాడి అది అలిసిపోతుంది. ఆపండి.

"చేపకి నొప్పేం తెలుస్తుంది?" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం 2003లోనే ట్రౌట్ చేపల తల మీద, పెదవుల మీద నొప్పిని పట్టే నరాల కొనలు ఉన్నాయని చూపించింది. పెదవికి మంట పుట్టించే మందు ఎక్కించినప్పుడు ఆ చేపలు మూతిని రాళ్లకేసి రుద్దుకున్నాయి. మేత మానేశాయి. ఇంకేం కావాలి?

మొక్క కుండీ బౌలు ఒకటి ఉంది. పైన పీస్ లిల్లీయో మనీ ప్లాంటో, కింద ఫైటర్. "వేర్లు తిని బతుకుతుంది, మేత కూడా అక్కర్లేదు" అంటారు. పచ్చి అబద్ధం! ఫైటర్ మాంసాహారి. పురుగులు, దోమ పిల్లలు దాని తిండి. వేరు ఎందుకు తింటుంది? ఆకలికి చస్తుంది! పైగా వేర్లు నీటి పైభాగమంతా అల్లుకుపోతే గాలి పీల్చే చోటు కూడా మూసుకుపోతుంది. గుడి కోనేట్లో వేసినట్టు మరమరాలు వేయకండి. బ్రెడ్డు, అన్నం మెతుకులు వద్దు. ఫైటర్ కోసం చేసిన గింజలు పూటకి రెండు మూడు చాలు. కడుపు చాలా చిన్నది.

అయితే ఏం చేయాలి? వినండి. ఇది మన చేతిలో పని.

ఇరవై లీటర్లు! ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. మన ఇంటికి రోజూ వచ్చే వాటర్ క్యాన్ అంత నీళ్లు. ఒక్క ఫైటర్‌కి అది కనీసం. ఎక్కువైతే ఇంకా మంచిది. ఎత్తు ముఖ్యం కాదు, పొడవూ వెడల్పూ ముఖ్యం. మాటిమాటికీ పైకి వచ్చి గాలి పీల్చాలి, పొడుగాటి తోక ఈడ్చుకుంటూ నిలువుగా ఎక్కడం దానికి బరువు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు అడగండి. పది అంగుళాల వరకు నీళ్లు పోస్తే ముప్పై లీటర్లు దాటుతాయి. మన ఊరి అద్దాల షాపువాళ్లే కోసి సిలికాన్‌తో అతికిస్తారు. అదీ బరువైతే, స్టీలు సామాన్ల కొట్లో అమ్మే తెల్లటి పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, పాతిక లీటర్లది. బాగా కడిగి వాడండి. చేపకి షోకు తెలియదు, చోటు తెలుసు! గుండ్రటి బౌలు మాత్రం ఎంత పెద్దదైనా వద్దు. నీళ్లు పైదాకా నింపితే గాలి తగిలే మేర తగ్గిపోతుంది. ఫిల్టరు పెట్టడానికి కుదరదు. దానికి తిరిగే చోటు లేదు. ఇటలీలో మోంజా పట్టణం 2004లో, రోమ్ నగరం 2005లో చేపల్ని గుండ్రటి బౌళ్లలో ఉంచడాన్ని నిషేధించాయి. వాళ్లకి అర్థమైంది మనకి అర్థం కాదా?

మూత పెట్టండి. ఫైటర్ ఎగురుతుంది. పొద్దున నేల మీద ఎండిపోయి దొరికిన చేపల కథ ఎన్ని ఇళ్లలో లేదు? మూతకీ నీటికీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంచండి, గాలి ఆడేలా.

స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి పంపు కొనండి. ఇదే ప్రాణం. స్పాంజి సందుల్లో మంచి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అది అమోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది చాలా నయం, వారం వారం కొంచెం నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే? ముందు ట్యాంకు, తర్వాత చేప! ట్యాంకుని నడిపించి, అమోనియా పుట్టేలా చిటికెడు మేత వేస్తూ ఉండండి. చుక్కల మందు కిట్టుతో పరీక్షించి, అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాకే చేపని తెచ్చుకోండి. ఒకే రోజు జారూ చేపా చేతిలో పెట్టి పంపించే షాపు మనల్ని ముంచుతున్నట్టే!

పంపు గాలి బుడగలు మెల్లగా రావాలి. ఫైటర్‌కి పోటు నీళ్లు పడవు. తోకని ఈడ్చేస్తాయి.

"కరెంటు బిల్లు?" ఈ భయం మనకి ఉంటుంది. ఉండాలి కూడా, నెలాఖరున కట్టేది మనమే. లెక్క చూద్దాం. 5 వాట్ల పంపు ఎనిమిది రోజులు ఆగకుండా తిరిగితే దాదాపు ఒక యూనిట్. 50 వాట్ల హీటరు ఇరవై గంటలు ఆపకుండా పనిచేస్తే ఒక యూనిట్. అదీ నీళ్లు వేడెక్కగానే దానంతటదే ఆగిపోతుంది. విశాఖలో, నెల్లూరులో ఏడాదిలో చాలా నెలలు దాని అవసరమే ఉండదు. థర్మామీటరు దగ్గర కక్కుర్తి పడకండి. ఎంత ధర పెట్టైనా ఒకటి కొని చూస్తూ ఉండండి, 24 కిందికి పోతేనే హీటరు. నీళ్లలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయడం మర్చిపోవద్దు. ఎండాకాలం ట్యాంకు మీదుగా టేబుల్ ఫ్యాను గాలి తగిలితే నీళ్లు చల్లబడతాయి. కరెంటు పోయి పంపు కాసేపు ఆగినా కంగారు పడకండి. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. దానికి దేవుడిచ్చిన ఆ ఏర్పాటు ఇలాంటి వేళకే!

"నీళ్లెక్కడివి? రోజు విడిచి రోజు నల్లా వస్తుంది" అనే అక్కలూ, మీ కష్టం మాకూ ఉంది. ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరిగెత్తినవాళ్లమే. అందుకే ఇది వినండి. లీటరు జారులో చేపని విషం లేకుండా ఉంచాలంటే రోజూ నీళ్లు మార్చాలి, వారానికి ఏడు లీటర్లు. ఇరవై లీటర్ల ట్యాంకు ఫిల్టరుతో కుదురుకున్నాక వారానికి పావు వంతు, ఐదు లీటర్లు మారిస్తే చాలు! తీసిన నీళ్లు కరివేపాకు మొక్కకి పోయండి, ఎరువు నీళ్లవి. జారుకే నీళ్లు ఎక్కువ పోయాలి. తెలుసా ఈ సంగతి మీకు?

నల్లా నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పోయండి. ఒక రోజంతా వెడల్పాటి బకెట్టులో వదిలేస్తే మామూలు క్లోరిన్ పోతుంది గానీ, క్లోరమిన్ కలిపిన నీళ్లయితే పోదు. చుక్కలే భరోసా. "మంచి నీళ్లు పోద్దాం" అని మినరల్ వాటర్ క్యాన్ మొత్తం కుమ్మరించకండి. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ, చేపకి అవి కావాలి. కొత్త నీళ్ల వేడి పాత నీళ్ల వేడితో సరిపోవాలి, చేయి పెట్టి చూసుకోండి.

లోపల ఏం పెట్టాలి? గరుకు ప్లాస్టిక్ మొక్కలు పెట్టకండి, ఆ తోక చిరిగిపోతుంది. పాత సాక్సు రాసి చూడండి. దారం పట్టుకుందా? తోకా పట్టుకుంటుంది. జావా ఫెర్న్, అనూబియాస్, నాచు మొక్కలు పెట్టండి. పెద్దగా వెలుగు అడగవు. దాక్కోవడానికి ఓ చిన్న మట్టి కుండ పక్కకి వాల్చి పెట్టండి, అంచులు నున్నగా ఉన్నది. ఇంకొకటి ఉంది, మన వీధిలోనే రాలి పడి ఉంది. బాదం ఆకు! గవర్నమెంటు బడి ముందు, రైల్వే క్వార్టర్ల దగ్గర ఎర్రబడి రాలిపోతుంది చూడండి, అదే. థాయిలాండ్‌లో ఫైటర్లు పెంచేవాళ్లు తరతరాలుగా వాడేది ఆ ఆకే. బాగా ఎండిన ఆకు, మందు కొట్టని చెట్టుది, ఏరుకుని కడిగి ఒకటి వేయండి. నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. భయపడకండి, దానికి అలవాటైన రంగే అది. దాని చిత్తడి నేలల్లోనూ రాలిన ఆకులు ఊరి నీళ్లు అలాగే ఉంటాయి. ఆకు కింద ఒదిగి పడుకుంటుంది. మగ చేప పైన నురగ గూడు కడుతుంది. గుడ్లని ఆ గూడులో పెట్టి కాపలా కాసే తండ్రి అది!

ఒక ట్యాంకులో ఒక్కటే మగ చేప. రెండు మగవి పెట్టకండి. "జోడీ ఉండాలి" అని ఆడ చేపని కూడా వేయకండి, చావగొడుతుంది. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకోదు, తన హద్దు తనకి ఉంటే చాలు.

ఇప్పుడే జారులో చేప ఉన్నవాళ్లు నాలుగు వారాలు ఎక్కడ ఆగుతారు? ఆగకండి. ఇవాళే పెద్ద డబ్బాలోకి మార్చండి. క్లోరిన్ తీసిన నీళ్లు, అదే వేడి. జారు నీళ్లతో సహా చేపని ఓ గిన్నెలోకి తీసి, కొత్త నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేసి వదలండి. స్పాంజి కుదిరేదాకా రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చండి. మేత తగ్గించండి. అంతే!

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది! జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి కదిలించిన పోరాటం నుంచి వచ్చిన చట్టం. మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ దాని కింద జంతువే, చేపతో సహా. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో గానీ పాత్రలో గానీ జంతువుని బంధిస్తే నేరమని 11వ సెక్షన్ చెబుతోంది. జారు పాత్ర కాదా? అయితే శిక్ష? మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా! చేప ధర కంటే తక్కువ! ఈ జరిమానాకి ఏ షాపు భయపడుతుంది? అందుకే స్టేషను చుట్టూ తిరగడం కంటే ముందు మనమే కదలాలి. కొనేది మనం. మనం కొనకపోతే జారు ఎవరికి అమ్ముతారు?

ఒక కష్టమైన మాట చెప్పాలి. షాపులో నీరసంగా పడి ఉన్న ఫైటర్‌ని చూసి కడుపు తరుక్కుపోయి కొనేస్తాం. కాపాడామనుకుంటాం. షాపు లెక్కలో అదీ అమ్మకమే. ఆ జారులోకి రేపు ఇంకోటి వస్తుంది. జాలితో కొనకండి. నిలదీయండి! లోపలికి వెళ్లి అడగండి. జార్ల మధ్య అట్టలు ఎందుకు లేవు? నీళ్లు ఎప్పుడు మార్చారు? ఇరవై లీటర్లు కావాలని కొనేవాళ్లకి ఎందుకు చెప్పడం లేదు? షాపులో పనిచేసే కుర్రాడి మీద మాత్రం అరవకండి. నెల జీతానికి నిలబడే పిల్లాడు, తనకి చెప్పిందే మనకి చెబుతాడు. యజమానితో మాట్లాడండి. ఫైటర్‌తో పాటు జారు అమ్మడం మానేసి, ట్యాంకూ స్పాంజీ అమ్మమనండి. అతనికీ వ్యాపారమే, చేపకీ బతుకే. మాట విన్న షాపు పేరు పదిమందికి చెబుదాం. విననిచోట ఒక్క రూపాయి పెట్టొద్దు.

పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుగా కవర్లో చేపలు పంచకండి! పదిహేను మంది పిల్లల చేతికి పదిహేను ప్రాణాలు ఇచ్చి పంపిస్తే, వాటికి ఇల్లెక్కడ? రిసెప్షన్ టేబుళ్ల మీద పూల మధ్య గ్లాసులో ఫైటర్ పెట్టే డెకరేషన్ ఒప్పుకోకండి. ఈవెంటు వాళ్లకి ముందే చెప్పండి. సాకలేం అనుకుంటే చెరువులోనో హుస్సేన్ సాగర్‌లోనో వదిలేయకండి. అది ఈ నేల చేప కాదు. అక్కడ అది చస్తుంది, లేదా మన చేపలకి పోటీగా తయారవుతుంది. సాకగలిగే ఇంకొకరికి ఇవ్వండి.

ఇరుకు గదుల బతుకు మనకి కొత్తా? ఒక్క గది, వంటా అక్కడే, పడకా అక్కడే, కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఆ ఊపిరాడని తనం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం మనం. తెలిసినవాళ్లమే ముందు కదులుతాం!

ఈ ఆదివారం పొద్దున పదింటికి, మీ వీధిలో చేపలమ్మే షాపు ముందుకి రండి. పిల్లల్ని తీసుకురండి, వాళ్లే బాగా అడుగుతారు. ఇంట్లో జబ్బు లేని పాత ట్యాంకు ఉన్నవాళ్లు ఒక పని చేయండి. మీ ఫిల్టరు స్పాంజిలో ఓ ముక్క కోసి, ట్యాంకు నీళ్లతోనే తడిపి కవర్లో పెట్టుకుని రండి. అందులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. కొత్తగా ట్యాంకు పెట్టే ఇంటికి ఆ ముక్క ఇస్తే వాళ్లకి వారాల తరబడి ఎదురుచూపు తగ్గుతుంది, ఓ చేపకి ప్రాణం దక్కుతుంది. నల్లా నీళ్లలో కడగొద్దు, ఎండలో పెట్టొద్దు, ఆరనివ్వొద్దు. మూతి కట్టి నేరుగా తీసుకురండి!